ఏడుగురి పెట్టు

హాన్‌గోల్, బస్సు మలుపు
1984 ఫిబ్రవరి 20

బొక్‌సున్ అక్కకు,

కొట్టు తెరిచాను. ఈ రెండు మాటలు రాయడానికి ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నానో నీకు తెలుసు.

మలుపు దగ్గర పాత ఉప్పు గిడ్డంగి ఉండేది కదా, దానికే సున్నం వేయించి, ముందు గోడ తీయించి షట్టరు పెట్టించాను. లోపల ఒక బల్ల, కిరోసిన్ పొయ్యి, రెండు కుర్చీలు, నడుమ ట్రాక్టరు. ఎర్రగా, కురచగా ఉంటుంది. మన కొండ వాలు మీద మెట్లమెట్లుగా ఉన్న మడుల్లోకి దిగి మళ్ళీ ఎక్కగలదు. పెద్ద ట్రాక్టర్లు మైదానాల వాళ్ళకు, ఇది మనలాంటి లోయల వాళ్ళకు. నేను కుర్చీలో కూర్చుంటే నా కళ్ళు సరిగ్గా దాని దీపాల ఎత్తుకు వస్తాయి. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ కూర్చుంటున్నాం. ఇంకా ఎవరూ కొనడానికి రాలేదు మరి.

కంపెనీ వాళ్ళ షరతు ఒక్కటే. నాట్లు ముగిసేలోగా ఒక్క ట్రాక్టరైనా అమ్మాలి. అమ్మితే ఏజెన్సీ నాది. లేకపోతే జూన్ చివర్లో గ్వాంగ్జు నుంచి మేనేజరు వచ్చి బండీ, బోర్డూ రెండూ తీసుకుపోతాడు. "ఆడపిల్లకు ఏజెన్సీ ఇవ్వడం మా జిల్లాలో ఇదే మొదలు" అని ఆయన మాటిమాటికీ అన్నాడు. మొదట మెచ్చుకుంటున్నాడనుకున్నాను. తర్వాత్తర్వాత అది హెచ్చరిక అని అర్థమైంది.

తెరిచిన రోజున పూజ చేశాం. పంది తల తేవడానికి బోల్‌గ్యో అత్త వెళ్ళింది. నవ్వే తల అయితే కలిసొస్తుందని సంతంతా గాలించి, చివరికి మన ఊరిపెద్ద సోన్ తాతలా నవ్వే దాన్ని ఏరి తెచ్చింది. ఆ మాట తాత ముందే అంది కూడా. బియ్యం పిండి రొట్టెలు పంచాం. అందరూ వంగి మొక్కి చక్రాల మీద బియ్యం కల్లు పోశారు. నాన్న కూడా వచ్చాడు. పంది తలకు మొక్కాడు, కల్లు తాగాడు. చక్రాల మీద పోయమంటే మాత్రం గిన్నె నా చేతికిచ్చి, బయటికి వెళ్ళి గోడ మీది బస్సుల టైము చదువుతూ నిలబడ్డాడు. ఆయనకు చదవడం రాదని ఊరందరికీ తెలుసు కదా, అందరూ మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వారు.

"నాన్నా, ఒక్కసారి చూడు" అన్నాను.

"ఏం చూడను? దానికి కళ్ళా, పళ్ళా? పెళ్ళికి ముందునుంచీ ఎద్దుల సంతలో బేరాలు చేస్తున్నాను. పళ్ళు లేనిదాని వయసు ఎట్లా చెప్పమంటావు?"

అంతకు మించి మాట్లాడలేదు. ఆయన కోపం నాకు తెలుస్తూనే ఉంది. ట్రాక్టరు వస్తే ఎద్దుల సంత పలచబడుతుంది, దళారికి పని తగ్గుతుంది. అయినా ఈ గిడ్డంగి అద్దెకు హామీ ఉన్నది ఆయనే.

అక్కా, మన ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. కామర్స్ స్కూల్లో నేను రాసిన ప్రతి పరీక్ష వెనకా నువ్వు బూసాన్‌లో కుట్టిన బూట్లు ఉన్నాయి. బోర్డు నిలబడితే నువ్వు ఫ్యాక్టరీ మానేసి ఇంటికి వచ్చేస్తావు. రెండో కుర్చీ నీదే. నాకు అదొక్కటే కావాలి.

చలికి చేతులు దాచుకో.
మిరాన్


బూసాన్, ఆడపిల్లల హాస్టలు
మార్చి 11

ఓ ట్రాక్టరు దొరసానీ!

నీ ఉత్తరం అంతా నేనే చదివా. రాత్రిబడికి పోయి నేర్చిన అక్షరాలు ఊరికే పోలేదు. ఒక్క 'షరతు' దగ్గరే ఆగా, అదీ నువ్వు గొలుసుకట్టుగా రాశావు కాబట్టి. చదువుకున్న వాళ్ళ రాత ఎప్పుడూ ఇంతే.

నవ్వే పంది తల సంగతి చదివి గదిలో అందరికీ చెప్పా. పడీ పడీ నవ్వారు. సోన్ తాత ఏమన్నాడో రాయలేదేం?

సరే, అసలు విషయం. కుర్చీలో కూర్చుని ట్రాక్టరు మొహం చూస్తుంటే అది గుడ్లు పెడుతుందా? మనవాళ్ళు కాగితం మీది బొమ్మ చూసి ఏదీ కొనరు. మట్టి చూసి కొంటారు. పొలంలో దింపు. నువ్వే తోలు. ఆడపిల్ల తోలుతోందంటే చూడ్డానికైనా వస్తారు. వచ్చి నాలుగు మాటలు అంటారు, పడు. అన్నవాళ్ళే రేపు అడుగుతారు.

నాన్న సంగతి నాకొదిలెయ్. ఆయన ఎదురుగా దాన్ని పొగడకు. పొగిడితే ఇంకా బిగుసుకుంటాడు. సంతలో కూడా ఆయన ముందు ఎద్దును పొగిడినవాడి బేరం ఏనాడన్నా కుదిరిందా?

ఇక్కడ మాకు పని బాగానే ఉంది. అమెరికా వాళ్ళకు పరిగెత్తే బూట్లంట, రాత్రీ పగలూ కుడుతున్నాం. కుట్టు మిషన్లలో రోజుకొకటి మొరాయిస్తుంది. బాగుచేసే ఆయన ఒకాయన ఉన్నాడులే, యాంగ్‌గారని. ఆయన ఊరికే అడిగాడు, నేను ఊరికే రాస్తున్నా: మీ ట్రాక్టరు ఇంజనుకు సిలిండర్లు రెండా, మూడా?

నేను వచ్చే సంగతి నిదానంగా మాట్లాడుకుందాం.

ముల్లంగి పచ్చడి పంపించు. ఇక్కడి పచ్చడి సముద్రం నీళ్ళలో కడిగినట్టు ఉంటుంది.
అక్క


హాన్‌గోల్
ఏప్రిల్ 15

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. చేసి పెద్ద చిక్కులో పడ్డాను.

"దుక్కి ఉచితం" అని అట్ట మీద రాసి షట్టరుకు తగిలించాను. స్కూల్లో మాకు నేర్పిన పాఠమే అది. కొత్త సరుకును ముందు ఊరికే రుచి చూపించాలి. మొదట బోల్‌గ్యో అత్త మడిలో దిగాను. నువ్వన్నట్టే జనం గట్ల మీద చేరారు. "ఒరే, మున్ దళారి కూతురు ఎర్రెద్దు మీద ఊరేగుతోంది!" అని ఒకరు, "కొమ్ములు లేవు, ఏది పట్టుకుని ఆపుతావమ్మాయ్?" అని ఇంకొకరు. పడ్డాను. వెనక రోటవేటరు కత్తులు తిరిగి నల్లమట్టి పొడిపొడిగా పైకి లేస్తుంటే మాటలు ఆగిపోయాయి. అత్త వంగి గుప్పెడు మట్టి తీసి పిసికి చూసి, "అమ్మో, రొట్టె పిండి!" అంది. ఆ వారమంతా వరసగా ఆరేడు ఇళ్ళ వాళ్ళ మడులు దున్నాను. ఇక అమ్మకమే తరువాయి అనుకున్నాను.

తర్వాత రోజు తెల్లవారుతూనే షట్టరు మీద దబదబ చప్పుడు. తీస్తే బోల్‌గ్యో అత్త, తలకు గుడ్డ కట్టుకుని, చేతిలో చీపురు.

"ఏంటత్తా?"

"బదులు తీర్చడానికి వచ్చా. చెప్పు, ఏం చేయాలి?"

"నాకేం వద్దత్తా. ఉచితమని రాశానుగా."

"నాకు చదువొచ్చా? నువ్వు నా మడి దున్నావు, నేను నీకో పూట చేయాలి. లెక్క అంతే. జరుగు."

ఊడ్చింది. బల్ల తుడిచింది. ట్రాక్టరు చక్రాలకు ఉన్న మట్టి కూడా కడిగింది. పొలం మట్టి చూసే కదా జనం కొంటారు, ఉంచు అత్తా అంటే వినలేదు. మర్నాడు సోన్ తాత రాళ్ళు తెచ్చి వాకిట్లో పరిచాడు. ఆ మర్నాడు ఇంకొకరు వచ్చి గోడకు మట్టి మెత్తారు. దాని మీద వేరే ఇంటివాళ్ళు వచ్చి ఇంకో పొర మెత్తారు. ఒకాయన బండెడు పేడ తోలుకొచ్చి వెనక దించాడు. "పొలం లేదు మామా, పేడ ఏం చేసుకోను?" అంటే, "పొలం ఎప్పుడైనా కొంటావుగా, అప్పటికి మాగుతుంది" అన్నాడు. ఇప్పుడు కొట్టు చుట్టూ ఈగలు.

ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. నేను ట్రాక్టరు తీస్తే చాలు, జనం తప్పుకుంటున్నారు. నిన్న సోన్ తాత నన్ను చూసి గడ్డివాము వెనక నక్కాడు. తలపాగా బయటికి కనిపిస్తూనే ఉంది.

"తాతా, ఎందుకు దాక్కుంటున్నావు?"

"దగ్గరికి రాకు అమ్మాయ్! కింది మడి కూడా దున్నేశావంటే నీకేం చేసిపెట్టాలో నాకు తోచదు. నీ కొట్టుకు ఇంకో గోడ ఉందా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎక్కడ తప్పు చేశానో నిజంగా అర్థం కావడం లేదు. ట్రాక్టరు బాగుందని అందరూ అంటారు. కొంటారా అంటే నేల చూస్తారు. ఎద్దు, పొలం, ఇంత మంచి పంట ఉన్న ఇళ్ళు కూడా.

ఇంకో మాట. రెండో కుర్చీ గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. సిలిండర్లు మూడు. ఊరికే అడిగిన యాంగ్‌గారికి ఊరికే చెప్పు.

పచ్చడి డబ్బా పంపుతున్నాను. మూత గట్టిగా ఉంటుంది, తీయడానికి ఎవరినైనా సాయం పిలుచుకో.
మిరాన్


బూసాన్
మే 2

మిరాన్,

ఆ పేడ బండి దగ్గర నవ్వి నవ్వి నాకు వెక్కిళ్ళు వచ్చాయి. తర్వాత నవ్వు ఆగింది. నువ్వు ఎందుకు తెలుసుకోలేకపోతున్నావో నాకు తెలుసు. నాట్ల రోజుల్లో నువ్వెప్పుడూ టౌన్లో పుస్తకాల ముందు ఉండేదానివి. నిన్నట్లా ఉంచింది మేమే. అందుకని చెప్తున్నా, విను.

చ్వే బాబాయి పవర్ టిల్లరు కొన్న ఏడు గుర్తుందా? మన లోయలో అదే మొదటి మర. కొత్త పెళ్ళికొడుకులా దాని మీద తిరిగేవాడు. అందరి మడులూ దున్నాడు. దున్నిన ప్రతిచోటా గట్టు మీద నిలబడి డబ్బు తీసుకున్నాడు. అందులో తప్పేం లేదు, నూనె కొనాలిగా. బోల్‌గ్యో అత్తకు మొగుడు పోయి నెల కూడా కాలేదు, ఆమె దగ్గర కూడా చేయి చాపాడు. ఆమె కొంగు ముడి విప్పి ఇచ్చింది.

ఆ ఏడు నేను సెలవు మీద వచ్చి నాట్లలో అత్తకు సాయం పోయా. మా మడిలో పాతికమందిమి. అందరం ఒకరికొకరం బదులు ఉన్నవాళ్ళమే. పక్కనే చ్వే బాబాయి మడి. ఆయనకు బదులు రావాల్సిన మనిషి ఊళ్ళో ఒక్కడు లేడు. అందరూ డబ్బిచ్చేశారు, లెక్క చెల్లు. ఆయనా, పిన్నీ, ఇద్దరే అంత మడి నాటారు. నాట్ల వరస తప్పకుండా తాడు పట్టేవాళ్ళు లేక రెండు మేకులు పాతి కట్టుకున్నారు. మా వైపు పాటలు. వాళ్ళ వైపు నీళ్ళ చప్పుడు. పిన్ని ఒక్కసారి కూడా తలెత్తలేదు. అప్పటినుంచి వాళ్ళు ఎవరింటికీ బదులు పోరు, ఊరివాళ్ళూ పిలవరు.

మర కొన్నవాడి గతి అదని మనవాళ్ళకు గుండెల్లో పడిపోయింది. నువ్వు డబ్బు తీసుకుంటే చ్వే బాబాయివి అవుతావు. ఊరికే చేస్తే దొరసానివి అవుతావు, తీర్చుకోలేని సాయం ఎవరికి కావాలి? ఎద్దుకు లెక్క ఉంది. ఎద్దు ఒక రోజు వస్తే మనిషి రెండు రోజులు పోవాలి. నీ ట్రాక్టరుకు లెక్క లేదు. అది ఊళ్ళోకి వచ్చింది కానీ బదుల్లోకి రాలేదు.

లెక్క కట్టించు. ఏటా నాట్లకు ముందు ఊరి సావడిలో ఎద్దుల తగువులు తీర్చడానికి కూర్చుంటారుగా, అక్కడ అడుగు. తర్వాతే అమ్మకం.

పచ్చడి డబ్బా మూత తీసింది ఎవరైతే నీకేం?
అక్క


హాన్‌గోల్
మే 20

అక్కా,

నిన్న సావడి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎద్దుల లెక్కలు తేల్చడానికి ప్రతి ఏడూ లాగే నాన్నను పిలిచారు. నేను వస్తానని ఆయనకు చెప్పలేదు. నన్ను చూసి వెళ్ళి వెనక స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

లేచి నిలబడి చెప్పాను. "నేను తెలియక ఉచితం అని రాశాను. మీకందరికీ ఇబ్బంది కలిగించాను. ట్రాక్టరును ఎద్దులాగే బదుల్లో కలపండి. దాని ఒక రోజుకు ఎంతమంది మనుషులో మీరే తేల్చండి."

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"మనిషికి అన్నం పెట్టాలి. ఎద్దుకు కుడితి పెట్టాలి. దానికేం పెట్టాలి?" అంది బోల్‌గ్యో అత్త.

"డీజిలు తాగుతుందత్తా."

"అయితే ఎవరి పొలంలో దిగితే వాళ్ళు పోయాలి. మధ్యాహ్నం అన్నం పొలం వాళ్ళదేగా!"

ఆ ఒక్క మాటతో సగం చిక్కు విడిపోయింది. చ్వే బాబాయి నూనె కోసం డబ్బు అడిగినప్పుడు ఈ మాట ఎవరికీ తట్టనే లేదు చూడు.

ఇక మనుషుల లెక్క. సోన్ తాత గొంతు సవరించుకుని, "రెండెద్దుల పెట్టు. అంటే నలుగురు మనుషులు" అన్నాడు. అందరూ తలూపారు. నేనూ ఊపబోయాను.

వెనకనుంచి, "నలుగురా!" అని కేక. నాన్న కళ్ళు తెరిచాడు.

"సోన్ మామా, నీకు ఎండదెబ్బ తగిలిందా? ఎద్దు మధ్యాహ్నానికి నాలుక బయటపెడుతుంది. ఇది పెట్టిందా? ఎద్దుకు నురగ వస్తే నీడకు తోలాలి. దీన్ని తోలారా? బోల్‌గ్యో మడి పొద్దున్న మొదలుపెట్టి పొద్దున్నే ముగించింది, గట్టు మీద నిలబడి నేను చూశాను. పదిమంది! ఒక్కడు తగ్గినా నేను ఒప్పుకోను."

అక్కా, ఆయన గట్టు మీద నిలబడి చూశాడట. నాకు ఆ రోజు కనిపించనే లేదు.

"దాని మొహం చూడనన్నావు, ఇప్పుడు పదిమంది అంటున్నావా?" అని తాత.

"నచ్చడం వేరు, బేరం వేరు. సరుకును తక్కువ కడుతుంటే వింటూ కూర్చోవడం నావల్ల కాదు!"

ఆ తర్వాత సావడి కాస్తా సంత అయిపోయింది. ఐదుగురంటారు, తొమ్మిదంటారు. నాన్న లేచి నడుస్తాడు, గుమ్మం దాకా పోయి తిరిగి వస్తాడు. అంతలో ఎవరో, "తోలే మిరాన్ వేరే మనిషా, బండితో కలిపేనా? ఎద్దును తోలేవాడు ఎద్దులోనే కలుస్తాడుగా" అన్నారు.

"కలుస్తాడు. కానీ నా కూతుర్ని దేనిలోనూ కలపను" అన్నాడు నాన్న. "ఆ పిల్ల వేరే మనిషి. నిండు మనిషి. ఆడదని సగం కడితే ఇప్పుడే లేచిపోతా."

చివరికి నాన్నే తాత చెయ్యీ అత్త చెయ్యీ పట్టి ఒకదానిమీద ఒకటి చరిచాడు. ఏడుగురి పెట్టు. నేను కాక.

ఇంతా అయ్యాక, మరి కొనేదెవరు? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదట కొన్నవాడికి ఏమవుతుందో అన్న భయం ఒక్క పూటలో పోతుందా? "వచ్చే ఏడు చూద్దాం" అని లేచారు. వచ్చే ఏడు నా కొట్టు ఉండదు.

బయటికి వస్తే మెట్ల మీద చ్వే బాబాయి కూర్చుని ఉన్నాడు. ఆయన్ను సావడికి పిలవరు కదా, బయటే ఉండి అంతా విన్నాడు. కాళ్ళ దగ్గర సిగరెట్ ముక్కలు పడి ఉన్నాయి.

"నిజంగా ఏడుగురేనా?" అన్నాడు.

"అవును బాబాయి."

"నేను కొంటా. టిల్లరు అమ్మేస్తా. రేపే సంతకం పెడతా."

ఇవాళ పొద్దున్న కొట్టుకు వచ్చాడు కూడా, సంతకం పక్కన వేసే ముద్రను చిన్న సంచీలో పెట్టుకుని. కాగితం బల్ల మీద పెట్టాను. తర్వాత వెనక్కి తీసుకున్నాను. ఊరివాళ్ళు ఆయన్ను మళ్ళీ బదుల్లోకి రానివ్వకపోతే? ఒక మరతో ఒంటరి అయినవాడికి ఇంకో మర అంటగట్టి నేను బోర్డు నిలబెట్టుకోనా? "ముందు వాళ్ళను అడగండి బాబాయి. వాళ్ళు సరేనంటే సంతకం" అన్నాను. ముద్ర సంచీ జేబులో వేసుకుని తల దించుకుని వెళ్ళిపోయాడు.

తప్పు చేశానా?
మిరాన్


బూసాన్
మే 29

పిచ్చిదానా!

సంతకం పెట్టించుకోవాల్సింది! కొనేవాడు ముద్ర పట్టుకుని వస్తే కాగితం వెనక్కి తీసుకున్న వ్యాపారిని నేను ఎక్కడా చూడలేదు. నాన్నకు తెలిస్తే నిన్ను సంతలో కట్టేసి అమ్ముతాడు, పళ్ళు కూడా చూపించి.

పై నాలుగు ముక్కలు నిన్న రాశా. ఇవాళ చల్లబడ్డా. యాంగ్‌గారికి చెప్తే ఆయన స్క్రూ డ్రైవరు పక్కన పెట్టి, "మీ చెల్లెలు చేసిందే సరైంది. అట్లాంటి కొట్టులో పని దొరికితే బాగుండు" అన్నాడు.

సరే, రాసేస్తున్నా. ఇన్నాళ్ళూ రావడం సంగతి దాటేసింది ఇందుకే. ఆయన నన్ను పెళ్ళికి అడిగాడు. ఫిబ్రవరిలోనే. ఊరికి వచ్చేస్తే ఆయన్ను వదులుకోవాలి, ఇక్కడే ఉంటే నువ్వు కుర్చీ వేసుకుని ఎదురుచూస్తుంటావు. ఎటు చెప్పినా ఒకరికి అబద్ధం చెప్పినట్టు అవుతుందని నోరు మూసుకున్నా. ఇప్పుడు ఆయనే, "ట్రాక్టర్లు అమ్మేచోట బాగుచేసేవాడు అక్కర్లేదా?" అంటున్నాడు. డీజిలు ఇంజన్లు సైన్యంలో నేర్చాడంట.

కాబట్టి ఇప్పుడు ఆ బోర్డు మీద మా ఇద్దరి బతుకూ వేలాడుతోంది. నేను నిన్ను తొందర పెట్టడం లేదు. కొంచెం పెడుతున్నా.

బోల్‌గ్యో అత్తనే కదిలించాలి. ఆమె ఊ అంటే ఊరు ఊ అంటుంది. కానీ నువ్వు బతిమాలకు. అది చ్వే బాబాయి పని.
అక్క


హాన్‌గోల్
జూన్ 27

అక్కా,

ముందు కూర్చో. నిలబడి చదవకు.

బార్లీ కోతల మధ్యలో వాన పట్టుకుంది. నీకు తెలిసిందే, బార్లీ తీయకుండా దుక్కి లేదు, దుక్కి లేకుండా నాట్లు లేవు, నారు చూస్తే ముదిరిపోతోంది. వాన తెరిపిచ్చేసరికి ఊరు ఊరంతా ఒకేసారి ఎద్దుల కోసం పరిగెత్తింది. బోల్‌గ్యో అత్త వంతు రావడానికి ఇంకా చాలా రోజులుంది. ఆమె నారుమడి గట్టు మీద కూర్చుని పసుపుబారిన కొసలు తుంచుతోంది.

చ్వే బాబాయి కొట్టుకు వచ్చాడు. "బండి ఇస్తావా? నేనే తోలతా" అన్నాడు. తాళం ఇచ్చాను. నేరుగా అత్త బార్లీ కోసిన మడిలోకి దించాడు. అత్త చూసింది, ఆపమనలేదు, రమ్మనలేదు. నేను గట్టు మీద నిలబడి గోళ్ళు కొరుక్కున్నాను. ఎంత బాగా తోలాడంటే, మూలల్లో పిడికెడు మట్టి కూడా వదల్లేదు. దమ్ము అయ్యేసరికి మడి అద్దంలా ఉంది.

ఆయన దిగి గట్టెక్కాడు. అత్త కొంగు ముడి విప్పింది. నోట్లు తీసి ఆయన ముందు చాపింది. అప్పటికి అటూ ఇటూ పొలాల్లో పనులు ఆగిపోయాయి.

చ్వే బాబాయి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "డబ్బు వద్దు వదినా" అన్నాడు. "మనుషులు కావాలి."

అత్త ఆయన మొహం చూసింది. నోట్లు మళ్ళీ ముడి వేసుకుంది.

"ఏడుగురే. ఎనిమిదో మనిషిని అడిగావంటే చూడు" అంది.

ఆ సాయంత్రమే సోన్ తాత కింది మడికి పిలిచాడు. మర్నాటికి బాబాయికి తిండి తినడానికి తీరిక లేదు. ఆయన ఊరివాళ్ళకు దున్నుతూ పోతుంటే నేను వెంట తిరుగుతూ ఎవరెవరి ఇంటినుంచి ఎంతమంది రావాలో నోటితోనే చెప్పించుకున్నాను. ఎవరూ ఒక్కరిని తగ్గించలేదు. అప్పుడు బాబాయి సంతకం పెట్టాడు, మట్టి వేళ్ళతో ముద్ర వేశాడు. కాగితం మీద వేలిగుర్తులు కూడా పడ్డాయి.

చ్వే వాళ్ళ నాట్ల రోజున మేనేజరు దిగాడు. వాన వల్ల కాగితాలు గ్వాంగ్జు చేరలేదు, బోర్డు విప్పడానికి స్పానర్లతో వచ్చాడు పాపం. షట్టరు మూసి ఉంది, అడిగితే అందరూ పొలంలో ఉన్నారన్నారట. తెల్ల మేజోళ్ళు చేత్తో పట్టుకుని గట్టు మీదికి వచ్చేసరికి లోయలో సగం మంది ఆ మడిలో ఉన్నారు. తాడు రెండో కొస పట్టేవాడు అప్పుడే నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. అత్త ఈయన్ను చూసి, "ఇదిగో నిన్నే, నిలబడే ఉన్నావుగా, పట్టుకో!" అంది. పట్టుకున్నాడు. "హో!" అని అరిచినప్పుడు తాడు జరపాలి. ఈయన ఆలస్యంగా జరిపితే వరసంతా తిట్టింది. సాయంత్రానికి బాగా నేర్చాడు. వెళ్ళేటప్పుడు చ్వే బాబాయి ఆయన్ను పట్టుకుని, "సారూ, మీకు నేనొక రోజు బాకీ. గ్వాంగ్జులో మీకు పొలం ఉందా?" అని అడిగాడు. మేనేజరు నా వైపు చూశాడు. వాకిట్లో పరవడానికి రాళ్ళు కావాలేమో కనుక్కోమని బాబాయికి చెప్పాను.

బోర్డు ఉంది అక్కా. ఇంకో రెండు ఇళ్ళ వాళ్ళు శరదృతువుకు కావాలన్నారు. రెండు కుర్చీలు చాలవు, మూడోది చేయిస్తున్నాను. యాంగ్‌గారి సంగతి నాన్నకు చెప్పాను. "పళ్ళు చూడకుండా నేనే బేరమూ చెప్పను, తీసుకురా" అన్నాడు. ఎద్దుల సంత నుంచి వచ్చేటప్పుడు ఇప్పుడు కొట్టు ముందు ఆగుతున్నాడు. ఎవరైనా ట్రాక్టరుకు వంక పెడితే ఎక్కడినుంచో వచ్చి పోట్లాడి వెళ్ళిపోతున్నాడు.

చ్వే పిన్ని గురించి చెప్పాలి. అంతమందికి వండి ఐదేళ్ళయింది, ఇంట్లో గిన్నెలు చాలవు. ముందురోజు సిగ్గుపడుతూ ఇంటింటికీ వెళ్ళి గిన్నెలు అడిగి తెచ్చుకుంది. ఎండుచేపల పులుసు, వెల్లుల్లి కాడల కూర, కొత్త బార్లీ అన్నం. గట్టు మీద అందరికీ వడ్డిస్తూ, ఎవరు ఎంత తింటున్నారో ఒక్కొక్కరి మొహంలోకి చూసింది. "పిన్నీ, నువ్వూ తిను" అంటే తలూపి, పొగ లేనిచోట నిలబడి కళ్ళు తుడుచుకుంది.

ఇవాళ పొద్దున్న ఆ గిన్నెలన్నీ కడిగి బుట్టలో పెట్టుకుని, తిరిగి ఇవ్వడానికి బయలుదేరింది. ఈ ఉత్తరం రాస్తుంటే, పొద్దు వాలుతున్న వేళ, చ్వే బాబాయి షట్టరు దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూశాడు.

"మీ పిన్ని ఇటు వచ్చిందా? గిన్నెలిచ్చి వస్తానని పొద్దుననగా పోయింది."

లేచి బయటికి వచ్చి లోయలోకి చూశాను. సోన్ తాత వాకిట్లో ఆడవాళ్ళ గుంపు మధ్య ఆమె తలగుడ్డ కనిపించింది. బుట్ట పక్కన పెట్టి కూర్చుని ఏదో చెబుతోంది, చుట్టూ నవ్వులు.

"ఇంకా సగం ఊరే అయింది బాబాయి" అన్నాను. "మీరు వెళ్ళి అన్నం వండుకోండి."

త్వరగా వచ్చేయండి, ఇద్దరూ.
మిరాన్